మాట అందని విమానం

గుంటూరు నుంచి బెజవాడ వెళ్ళే పెద్దరోడ్డు మీద, గుంటూరు దాటీ దాటగానే తగిలే పెద్ద ఊరు పెదకాకాని. ఊరు ఎప్పుడూ ప్రయాణికులతో సందడిగానే ఉంటుంది. మల్లేశ్వరస్వామి గుడికి వచ్చేవారు, బాజీబాబా దర్గాకు వచ్చేవారు, శంకర కంటి ఆసుపత్రిలో ఆపరేషను చేయించుకొని నల్లకళ్ళద్దాలతో కొడుకు చెయ్యి పట్టుకొని నడిచే ముసలివారు, అందరూ ఆ రోడ్డు మీదనే దిగుతారు, ఆ రోడ్డు మీదనే ఎక్కుతారు. మన చిన్నప్పుడు ఆ రోడ్డును 5వ నంబరు రోడ్డు అనేవారు, ఇప్పుడు 16వ నంబరు. నంబరు మారినా చెన్నై నుంచి కలకత్తాకు పోయే లారీల రొద మాత్రం మారలేదు. ఊరికి రైలుస్టేషను ఉంది. గుంటూరు ఛానల్ నీళ్ళున్నాయి. జనవరి దాటిందంటే చుట్టుపక్కల కల్లాలన్నీ ఎర్రగా పరచుకుంటాయి. మిరప ఘాటుకు కొత్తవారు తుమ్ముతారు, ఊరివారు నవ్వుతారు.

ఇన్ని దారులున్న ఊరికి మరో దారి కూడా ఉన్నది. అది తల ఎత్తితేనే కనబడుతుంది. చలికాలం ఉదయాన మబ్బు లేనప్పుడు చూడండి, కల్లం మీదుగా ఆకాశంలో తెల్లటి గీత ఒకటి సాగిపోతూ ఉంటుంది. దాని ముందు మెరిసే చుక్కలో రెండు మూడు వందలమంది కూర్చుని ఉంటారు. వారిలో ఎవరు ఎవరి బిడ్డలో కింద తాలుకాయలు ఏరుకొనే ఆడవారికి తెలియదు. అయినా ఒక్కసారి నడుము మీద చెయ్యి వేసుకొని పైకి చూస్తారు. ఈ రోజులలో ఆ ప్రాంతంలో దూరదేశంలో మనిషి లేని బజారు అరుదు గదా!

మా పెద్దమ్మ ఊరు అదే. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. పెదనాన్నగారు పోయిన తరువాత రెండెకరాల మిరప తానే చేయించుకుంటున్నది. ఆమె కూతురు అమెరికాలో డల్లాస్‌లో ఉంటున్నది. కానుపు దగ్గర పడింది, తల్లి రావాలి. పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది, టిక్కెట్టు కూడా కొన్నారు. ప్రయాణం పది రోజులలోకి వచ్చేసరికి పెద్దమ్మ, "నేను రానులే" అన్నది.

కారణం ఆమె ఎవరికీ సరిగా చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులని ఒకరితో, మిరపకాయలు ఎత్తలేదని ఒకరితో అన్నది. మేము కుటుంబంగా పెదకాకాని వెళ్ళి రెండు రోజులు ఉన్నాము. రెండవనాటి సాయంత్రం కల్లంలో పట్టాలు కప్పుతుండగా అసలు సంగతి బయటపడింది. 2025 జూన్ 12న అహ్మదాబాదులో లండన్ వెళ్ళవలసిన ఎయిర్ ఇండియా విమానం లేచీ లేవగానే కూలిపోయిన వార్త ఆమె రోజుల తరబడి టీవీలో చూచింది. మంటల కంటె ఆమె మనసులో గుచ్చుకొన్నది మరొకటి. పైలట్లు 'మేడే' అని రేడియోలో పలికారు. కింద ఉన్న అధికారి వెంటనే తిరిగి పిలిచాడు. జవాబు రాలేదు.

"పిలిస్తే పలకలేదంట. గాలిలో మాట పోతే ఇంక దిక్కేంది? మన ఊరి మీదుగా పోయే లారీ ఆగిపోతే డ్రైవరు దిగి ఎవరినన్నా అడుగుతాడు. అక్కడ ఎవరిని అడుగుతారు?" అన్నది పెద్దమ్మ.

ఆ ప్రశ్నను కొట్టివేయటానికి మాకు మనసొప్పలేదు. అది తెలివితక్కువ ప్రశ్న కాదు. "ఏం కాదులే, ప్రార్థన చేసుకొని ఎక్కు" అని చెప్పటం తేలిక. ప్రార్థన ఆమె మాకంటె ఎక్కువే చేసుకుంటుంది. ఆమెకు కావలసింది జవాబు.

అదృష్టవశాత్తు ఆ బజారులోనే వైమానికదళంలో రేడియో పరికరాల పని చేసి విశ్రాంతి తీసుకొంటున్న పెద్దాయన ఒకరున్నారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయటం లేదు. వరుసకు మాకు బాబాయి అవుతారు. కబురు చేస్తే చేతిలో టార్చిలైటుతో కల్లానికే వచ్చారు. ఆ రాత్రి కావలి మంచం మీద కూర్చుని ఆయన చెప్పిన సంగతులు, తరువాత మేము చదివి సరిచూచుకొన్నవి, ఇక్కడ వ్రాస్తున్నాము. ఇళ్ళల్లో మరెందరో తల్లులు ఇదే భయం లోపల దాచుకొని ఉంటారని మా అనుమానం.

"అక్కయ్యా, ముందు ఒకటి చెప్పు," అన్నారు బాబాయి. "ఫోన్లు లేని రోజుల్లో బావ మిరపకాయల బండి కట్టుకొని గుంటూరు యార్డుకు పోయేవాడు గదా. రాత్రికి రాకపోతే నువ్వేమనుకునేదానివి?"

"ఏమనుకుంటాను? కాటా కాలేదేమో, తెల్లారి వస్తాడు అనుకునేదాన్ని. పోయేముందే చెప్పిపోయేవాడు. కాటా కాకపోతే యార్డులోనే పడుకుంటాను, పొద్దున్నే ఫలానా దారిన వస్తాను అని."

"అదే విమానం కూడా చేసేది."

విమానం లేవకముందే దాని ప్రయాణ పత్రం ఒకటి దాఖలవుతుంది. ఏ దారిన పోతుంది, ఎంత ఎత్తున పోతుంది, ఏ గుర్తు మీదికి ఎన్ని గంటలకు వస్తుంది, అక్కడ దిగటానికి వీలు కాకపోతే మరెక్కడ దిగుతుంది, అన్నీ అందులో ఉంటాయి. కింద ఉన్నవారి దగ్గర అది ఉంటుంది, పైలట్ల దగ్గరా ఉంటుంది. మాట తెగిపోయిందనుకోండి, పైలట్ తన ఇష్టం వచ్చినట్లు పోడు. ప్రపంచమంతటా ఒప్పుకొన్న నియమం ఉన్నది. బయట అంతా స్పష్టంగా కనబడుతూ ఉంటే, ఆ స్పష్టతలోనే ఉండి దగ్గరలో అనువైన విమానాశ్రయంలో దిగాలి. మబ్బులలో ఉంటే, కడపటిసారి ఒప్పుకొన్న ఎత్తు, వేగం కొంతసేపు అలాగే నిలుపుకోవాలి. రాడార్ చూపులో ఉంటే ఆ కొంతసేపు 7 నిమిషాలు, రాడార్ లేని చోట 20 నిమిషాలు. ఆ తరువాత పత్రంలో వ్రాసిన ఎత్తుకు, వ్రాసిన దారికి వచ్చి, దిగవలసిన ఊరి మీది గుర్తు దగ్గరకు చేరి, చెప్పిన వేళకు దిగటం మొదలుపెట్టాలి. వీలైనంతవరకు ఆ వేళ తరువాత అరగంటలోగా నేల మీద ఉండాలి. కింద ఉన్న అధికారికి ఈ నియమం అంతా కంఠస్థం. మాట వినబడని విమానం ఏ నిమిషానికి ఎక్కడ ఉంటుందో ఆయన లెక్క వేసుకొని మిగిలిన విమానాలను ఆ దారిలో నుంచి పక్కకు జరుపుతాడు.

పెద్దమ్మ కాసేపు ఊరుకొన్నది. "మరి మాట పోయిందని వాళ్ళకెట్టా తెలుస్తుంది? అదీ మాటతోనే గదా చెప్పాలి!"

మాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. బాబాయికి మాత్రం మహా సంతోషం వేసింది. మంచం మీద సర్దుకొని కూర్చున్నారు.

విమానంలో మాట్లాడే రేడియో ఒకటి, జవాబిచ్చే పెట్టె వేరొకటి. దానిని ట్రాన్స్‌పాండర్ అంటారు. కింద నుంచి రాడార్ తట్టినప్పుడల్లా అది నాలుగంకెల సంఖ్యతో పలుకుతుంది. ఆ అంకెలు 0 నుంచి 7 వరకే, అందులో 8, 9 లేవు. మామూలుగా ఒక్కొక్క విమానానికి ఒక్కొక్క సంఖ్య ఇస్తారు. మూడు సంఖ్యలు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టి ఉంచారు. విమానాన్ని దుండగులు పట్టుకొంటే 7500. రేడియో పోతే 7600. ప్రాణాపాయం వస్తే 7700. రేడియో పోయిందని తేలగానే పైలట్ 7600 తిప్పుతాడు. కింద తెర మీద ఆ విమానం పక్కన గుర్తు మారుతుంది, అధికారి చూపు అటు పడుతుంది. అతడు రేడియోలో, "నా మాట వినబడుతుంటే ఫలానా సంఖ్య తిప్పు" అనో, "కుడికి తిరుగు" అనో చెప్పి చూస్తాడు. విమానం తిరిగిందంటే చెవి బాగానే ఉంది, నోరు మాత్రమే పోయిందని అర్థం. పైలట్ కూడా తన మాట పోతున్నదో లేదో తెలియకపోయినా, ఎవరో వింటున్నట్లుగానే తన స్థితి, తాను చేయబోయేది రెండేసిసార్లు చెబుతూ పోవాలి.

ఇదంతా రేడియో నిజంగా చెడిపోతేనే. అది చెడిపోవటమే అరుదు. పెద్ద విమానాలలో దగ్గరి మాటలకు పనికివచ్చే రేడియోలు సాధారణంగా మూడుంటాయి. సముద్రం మీద దూరం మాట్లాడటానికి వేరే రేడియో ఉంటుంది. ఉపగ్రహం ద్వారా మాట్లాడే సౌకర్యం, టైపు చేసి సందేశం పంపే సౌకర్యం చాలావాటిలో ఉన్నాయి. మన ఎఫ్.ఎం. రేడియో 108 దగ్గర ఆగిపోతుంది గదా, ఆ పైన 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు విమానాల మాటలు నడుస్తాయి. ఈ అలలు తిన్నగా పోతాయి, భూమి వంపు చాటుకు పోయిన వారికి అందవు. 35,000 అడుగుల ఎత్తున ఉన్న విమానానికి నాలుగు వందల కిలోమీటర్ల దాకా చూపు ఆనుతుంది. అంటే పెదకాకాని మీద ఆ ఎత్తున ఉన్న విమానం ఇటు హైదరాబాదుకూ అటు చెన్నైకీ వినబడేంత దగ్గరే. మన రాష్ట్రం మీది ఆకాశం పర్యవేక్షణ చెన్నై కేంద్రం కిందకే వస్తుంది.

ఇక, మాట పోవటానికి ఎక్కువసార్లు కారణం ఏమిటో వింటే ఆశ్చర్యమనిపిస్తుంది. ఒక ప్రాంతం దాటి మరొక ప్రాంతంలోకి వచ్చినప్పుడు కొత్త అధికారి ఫ్రీక్వెన్సీకి మారమంటారు. ఆ అంకె సరిగా వినకపోవటం, ఒక అంకె తప్పు తిప్పటం, లేక శబ్దం తగ్గించి మరచిపోవటం. అంతే. కూడికలలో మైకు తీసుకొన్న పెద్దాయన స్విచ్చి వేయకుండా పది నిమిషాలు మాట్లాడటం మనమంతా చూచినదే. దీనికి విరుద్ధమైన చిక్కు కూడా ఉన్నది. మాట్లాడే బొత్తాం నొక్కుకుపోయి ఇరుక్కొంటే ఆ ఫ్రీక్వెన్సీ మీద ఇంక ఎవరూ మాట్లాడలేరు. ఒక్క విమానం బొత్తాం పదిమంది నోరు కట్టేస్తుంది. అందుకని పైలట్లు ముందుగా శబ్దం, తీగ, బొత్తాం చూచుకోవాలి, రెండవ రేడియో ప్రయత్నించాలి, ఇంతకు ముందు మాట్లాడిన పాత ఫ్రీక్వెన్సీకి వెళ్ళాలి, అదీ కాకపోతే 121.5 అనే అత్యవసర ఫ్రీక్వెన్సీలో పిలవాలి. పక్కనున్న విమానాలు దానిని వింటూ ఉంటాయి కాబట్టి వాటిలో ఒకటి మధ్యవర్తిగా కబురు అందిస్తుంది. మన పొలాలలో ఒక గట్టు మీదివాడు మరో గట్టు మీదివానికి కేక అందించినట్లే.

2017 ఫిబ్రవరి 16న ఇటువంటిదే జరిగింది. ముంబయి నుంచి లండన్ వెళుతున్న జెట్ ఎయిర్‌వేస్ విమానం 330 మంది ప్రయాణికులతో జర్మనీ మీదికి రాగానే కింది నుంచి ఎంత పిలిచినా పలకలేదు. (ఆ సంస్థ 2019లో విమానాలు నిలిపివేసింది.) జర్మనీవారు ఊరుకోలేదు, రెండు యుద్ధవిమానాలను పంపారు. అవి వచ్చి పక్కన నిలిచాయి. వెనుక వస్తున్న మరో విమానం నుంచి తీసిన వీడియోలో ఆ దృశ్యమంతా ఉంది, చాలామంది చూచే ఉంటారు. కొద్ది నిమిషాలలో సంబంధం కలిసింది. విమానం క్షేమంగా లండన్‌లో దిగింది. తప్పు ఫ్రీక్వెన్సీ పెట్టుకోవటమే దీనికి కారణమని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ మరుసటి నెలలోనే అహ్మదాబాదు నుంచి లండన్ వెళుతున్న ఎయిర్ ఇండియా విమానానికి హంగరీ మీద అదే అనుభవం, అక్కడి యుద్ధవిమానాలు వెంట వచ్చాయి. అదీ క్షేమంగానే చేరింది.

యుద్ధవిమానాలనగానే పెద్దమ్మ ఉలిక్కిపడింది. "కాలుస్తారా ఏంది?"

వారు వచ్చేది చూడటానికి. లోపల పైలట్లు మెలకువగా ఉన్నారా, మరెవరైనా ఉన్నారా అని. అక్కడ కూడా మాట లేకుండా మాట్లాడుకొనే పద్ధతి ఉంది. వచ్చిన విమానం ముందుకు వచ్చి రెక్కలు ఊపుతుంది, నా వెంట రా అని అర్థం. రెండవది రెక్కలు ఊపి సరేనంటుంది. 2009 అక్టోబరులో అమెరికాలో నార్త్‌వెస్ట్ సంస్థ విమానం ఒకటి గంటకు పైగా పలకకుండా, దిగవలసిన మినియాపొలిస్ ఊరు దాటి సుమారు 150 మైళ్ళు పోయింది. పైలట్లిద్దరూ తమ కంప్యూటర్లు ముందు పెట్టుకొని ఏదో చూచుకొంటూ ఉండిపోయారట. ఎవరికీ గాయం కాలేదు గాని వారి ఉద్యోగాలు మాత్రం నిలవలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మాట పోవటం ప్రతిసారీ ఇలా నవ్వుకొని మరచిపోయే సంగతిగా ముగియలేదు. 2006 సెప్టెంబరు 29న బ్రెజిల్ అడవుల మీద ఒక చిన్న జెట్టు విమానానికి, కింది అధికారులకు మధ్య మాట అందలేదు. అధికారులు పిలుస్తున్నారు, విమానంలో వారూ పిలుస్తున్నారు, ఒకరిది మరొకరికి చేరలేదు. అదే సమయంలో ఆ విమానంలోని ట్రాన్స్‌పాండర్ కూడా పలకటం మానింది. అదే 37,000 అడుగుల ఎత్తున ఎదురుగా గోల్ అనే సంస్థ బోయింగ్ విమానం వస్తున్నది. చిన్నది రెక్క దెబ్బతిని ఎలాగో ఒక సైనిక స్థావరంలో దిగింది, పెద్దదానిలోని 154 మందీ పోయారు. నోరు, గుర్తు రెండూ ఒక్కసారే పోతే ఎంత ప్రమాదమో అక్కడ తెలిసింది. బాబాయి ఈ సంగతి చెప్పాలా వద్దా అని మావైపు చూచారు. చెప్పమన్నాము. భయపడే మనిషికి సగం నిజం చెబితే మిగతా సగం తానే ఊహించుకుంటుంది, ఆ ఊహ నిజం కంటె పెద్దదవుతుంది.

పెద్దమ్మ వెంటనే ఏమీ అనలేదు. తరువాత మెల్లగా, "రాజశేఖరరెడ్డి గారి రోజు కూడా ఇట్టాగే అన్నారు గదా, సంబంధాలు తెగిపోయాయని," అన్నది.

2009 సెప్టెంబరు 2ను మన రాష్ట్రంలో ఎవరు మరచిపోగలరు? ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టరుకు గంట గడవక ముందే సంబంధం లేకుండా పోయింది. ఆ రోజంతా, ఆ రాత్రంతా ప్రతి ఊరిలో టీవీల ముందు జనం. పెదకాకాని బజారులో పొయ్యి వెలిగించని ఇళ్ళున్నాయని పెద్దమ్మ అన్నది. వాన పడుతున్నా అరుగుల మీద నుంచి కదలలేదట. ఎక్కడో అడవిలో దిగి ఉంటారు, రేడియో పనిచేయక పలకటం లేదు, తెల్లవారితే కనబడతారు అని ఒకరికొకరు చెప్పుకొన్నారు. మరునాటి ఉదయం నల్లమలలో పావురాలగుట్ట మీద శకలాలు కనబడ్డాయి. ఐదుగురూ పోయారు.

బాబాయి చాలాసేపటికి గాని మాట్లాడలేదు. "అక్కయ్యా, అది వేరు, ఇది వేరు. అక్కడ మాట ఆగింది హెలికాప్టరు పడిపోయింది కాబట్టి. అహ్మదాబాదులో జవాబు రానిదీ అందుకే. నేను చెబుతున్నది విమానం బాగుండి, ఇంజన్లు బాగుండి, మాట ఒక్కటే పోవటం. పేపర్లవాళ్ళు రెంటికీ 'సంబంధాలు తెగిపోయాయి' అనే రాస్తారు. చదివేవాళ్ళకు తేడా తెలియదు." విమానం ఎగరటానికి రేడియో అక్కరలేదు. రెక్కల మీద గాలి ఉండాలి, ఇంజనులో ఇంధనం ఉండాలి. మాట పోయిన బండి ఎద్దులు నడుస్తూనే ఉంటాయి. ఈ తేడా పెద్దమ్మకు తాకిందని మాకు అప్పుడే తెలిసింది. "అట్టనా?" అని ఒక్క మాట అన్నది గాని, ఆ 'అట్టనా'లో బరువు దిగింది.

పక్కన ఉన్న కుర్రవాడు ఒకడు, "మన రోడ్డు మీదే దించొచ్చు గదా తాతా, కొరిశపాడు దగ్గర కట్టారుగా!" అన్నాడు. చిలకలూరిపేట, మార్టూరు దాటాక అదే 16వ నంబరు రోడ్డులో సుమారు 4 కిలోమీటర్ల మేర విమానాలకు పనికివచ్చేటట్లు కట్టిన మాట నిజమే. 2022 డిసెంబరు 29న వైమానికదళ విమానాలు అక్కడ రోడ్డు మీదికి బాగా కిందికి దిగి పరీక్షించాయి. అటుగా కారులో పోయేవారు మధ్యలో విభాగిని లేని ఆ తిన్నని రోడ్డు చూచి ఇదేమిటని అడగటం మామూలే. అది యుద్ధానికి, విపత్తులకు ఉద్దేశించినది. రేడియో పోయిన ప్రయాణికుల విమానానికి దానితో పనిలేదు. అది మంచి విమానాశ్రయానికే పోతుంది.

అక్కడ దిగేటప్పుడు ఎలాగని పెద్దమ్మ అడగకముందే బాబాయి టార్చిలైటు చేతికి తీసుకొన్నారు. చీకటిలో దూరంగా మోటారు షెడ్డు దగ్గర ఉన్న పాలేరువైపు రెండుసార్లు వెలిగించి ఆర్పారు. కాసేపటికి మోటారు ఆగింది. "చూచావా? నేనేమన్నా కేక వేశానా?"

విమానాశ్రయాల కంట్రోల్ టవర్లలో పెద్ద టార్చిలైటు వంటి దీపం ఒకటి ఉంటుంది. దాని వెలుగు పక్కలకు చెదరదు, గురిపెట్టిన విమానానికే కనబడుతుంది. ఆగకుండా వెలిగే ఆకుపచ్చ దీపం చూపిస్తే దిగవచ్చునని అర్థం. ఆగకుండా వెలిగే ఎరుపు చూపిస్తే వేరే విమానం ఉంది, దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండమని. ఎరుపు మినుకు మినుకుమంటే ఇక్కడ దిగటం క్షేమం కాదని. పగలైతే పైలట్ రెక్కలు ఊపి, రాత్రయితే ముందరి దీపాలు రెండుసార్లు వెలిగించి, చూచానని జవాబిస్తాడు. రైలుస్టేషనులో గార్డు పచ్చదీపం ఊపటం పుట్టినప్పటి నుంచి చూచిన పెద్దమ్మకు ఇది వేరే చెప్పవలసిన పనిలేకపోయింది. ఉపగ్రహాల కాలంలో కూడా ఆ పాత దీపాన్ని తీసివేయలేదన్నది మాత్రం ఆమెకు బాగా నచ్చింది. "తీసెయ్యకపోవటం మంచిదయింది," అన్నది రెండుసార్లు.

మరునాడు ఉదయం పెద్దమ్మ ఎవరితోనూ ఏమీ చెప్పకుండా అటక మీది సూట్‌కేసు దింపించింది. ఆవకాయ సీసాలకు మూతలు బిగించి గుడ్డలు చుట్టటంలో ఆ వారమంతా గడిచింది.

ప్రయాణం నాడు తెల్లవారుజామున కారులో బయలుదేరాము. నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం దీపాలు, కాజ టోల్‌గేటు, కుడి ఎడమల చీకటిలో పొలాలు, తరువాత మంగళగిరి కొండ. టిక్కీలతో గుంటూరు యార్డుకు పోయే లారీలు ఎదురుగా వరుసగా వస్తున్నాయి. ఒక్కొక్కటి పక్కగా దాటినప్పుడు కారు అద్దాలు మూసి ఉన్నా ఘాటు లోపలికి వచ్చింది. పెద్దమ్మ మాత్రం అద్దం దింపమన్నది, దింపాము. తాడేపల్లి దాటి వారధి మీదికి వచ్చేసరికి కృష్ణ మీద మంచు తెల్లగా పరచుకొని ఉంది. బెంజి సర్కిల్ ఫ్లైఓవరు, రామవరప్పాడు, నిడమానూరు దాటి గన్నవరం చేరాము. రెండవ ప్రపంచయుద్ధం రోజులలో సైన్యం వాడుకొన్న మైదానం అది. ఒకప్పుడు అక్కడికి రోజుకు ఒక విమానం రావటమే గొప్ప. రోడ్డు మీద నుంచే కంట్రోల్ టవరు కనబడుతుంది. పెద్దమ్మ కారు దిగగానే మొదట చూచింది దానినే. "ఆ దీపం అందులోనే ఉంటుందా?" అని అడిగింది. అందులోనే అన్నాము.

లోపలికి ఆమెను పంపి బయట నిలబడ్డాము. మాతోపాటు ఇరవై ముప్పై కుటుంబాలవారు నిలబడి ఉన్నారు. కొల్లిపర, పిడుగురాళ్ళ, ఏలూరు, ఎక్కడెక్కడివారో. పట్టుచీరలు కట్టుకొన్న అమ్మలు, కూతుళ్ళ కోసం పచ్చళ్ళ పెట్టెలు మోస్తున్న నాన్నలు. ఒకామె లోపలికి వెళ్ళిన కొడుక్కు ప్రతి రెండు నిమిషాలకు ఫోను చేస్తూనే ఉంది. హైదరాబాదు పోయే చిన్న విమానం పంకాలు తిరిగిన శబ్దం వినబడింది. అది లేచి మబ్బులోకి పోయేవరకు ఎవరూ కదలలేదు. ఫోను చేస్తున్నామె చేతిలోని ఫోను దించి చూస్తూ ఉండిపోయింది. ఇంక అటు మాట అందదు గదా.

తొమ్మిదిన్నరకు శంషాబాదు నుంచి పెద్దమ్మ ఫోను వచ్చింది. తరువాతి విమానానికి చాలా వ్యవధి ఉంది, ఎవరో అమ్మాయి టీ ఇప్పించిందట. గొంతు హుషారుగానే ఉంది.

"దిగేటప్పుడు ఆ విమానంలో పిల్లను అడిగాను, మీ రేడియోలు ఎన్నమ్మా అని. ఆ పిల్ల నవ్వి, లోపలికి పోయి డ్రైవరును అడిగొచ్చింది. ఈ చిన్నదానికి రెండేనంట! మీ బాబాయి మూడన్నాడే. మూడు పెద్దదానికంట. సాయంత్రం ఎక్కబోయేది పెద్దదే గదా?"

పెద్దదే అన్నాము.

"సరే అయితే," అని ఫోను పెట్టేసింది.